పాతబస్తీ కినారీ: వెండితీగ అంచుల కళ

తెలుగు నేలపై లేసు పని రెండు పాయలుగా సాగింది. మొదటిది 19వ శతాబ్దిలో క్రైస్తవ మిషనరీలు నేర్పగా, నరసాపురం చుట్టుపక్కల గోదావరి పల్లెల స్త్రీలు నూలుదారంతో, చిన్న ఉక్కు కొక్కెంతో అల్లుతూ వచ్చిన క్రోషే లేసు. రెండవది హైదరాబాద్ పాతబస్తీలో దక్కనీ ముస్లిం కుటుంబాల పెళ్లి దుస్తుల చుట్టూ పెరిగిన గోటా కినారీ, అంటే వెండి బంగారు తీగలతో నేసిన సన్నని పట్టీలను వస్త్రపు అంచులకు కుట్టి అలంకరించే పని. లాడ్ బజార్, పత్తర్‌గట్టీ దుకాణాలలో దీనినీ లేసుగానే అమ్ముతారు. ఇళ్లలో మసాలా అనే పేరూ ఉంది. నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక సూచిక గుర్తింపు లభించింది. పాతబస్తీ కినారీ మాత్రం నేటికీ దర్జీ పనికి అనుబంధంగానే లెక్కకు వస్తున్నది. ఆ లెక్క ఈ కళకు అన్యాయం చేస్తున్నది.

కినారీకి మూలం లోహపు పని. వెండి కడ్డీకి బంగారు రేకు చుట్టి, కాచి, కంసాలుల కమ్మచ్చు వంటి పలకలో ఒకదానికంటే ఒకటి సన్ననైన రంధ్రాల గుండా మళ్లీ మళ్లీ లాగితే వెంట్రుకంత తీగ వస్తుంది. తీగ ఎంత సాగినా పైనున్న బంగారం కూడా దానితోపాటే సాగి వెండిని కప్పుకొని ఉండడం ఈ పద్ధతిలోని అద్భుతం. ఆ తీగను నలగగొట్టి చదును చేస్తే బాద్లా. బాద్లాను పట్టుదారానికి చుడితే కలాబత్తు. పట్టు లేదా నూలు పడుగులో బాద్లాను పేకగా వేసి, పైకి లోహమే ఎక్కువగా కనబడేలా నేసిన పట్టీ గోటా. తీగపనికి, జరీకి సూరత్ పేరుపొందిన కేంద్రం కాగా, పాతబస్తీ నైపుణ్యమంతా పట్టీ చేతికి వచ్చిన తరువాత మొదలయ్యే సూదిపనిలో ఉంది.

గోటా అంచు వెంట పడుగు పోగులను కొంతమేర ఊడదీస్తే, బాద్లా పేకలు విడివిడిగా నిలిచి కుచ్చులా వేలాడతాయి. దీనిని కిరణ్ అంటారు. పట్టీని నొక్కులు పడేలా మడిచి ముడతలు తేల్చితే గోఖ్రూ అవుతుంది. చిన్న ముక్కలుగా కత్తిరించి, మూలలు లోపలికి మడిచి ఆకుల ఆకారం తెచ్చి, వాటిని చేర్చి పువ్వులుగా కుట్టడం మరొక పద్ధతి. ఈ రూపాలన్నీ పక్కపక్కన చేరి కనిపించేది హైదరాబాదీ పెళ్లికూతురు ధరించే ఖడా దుపట్టాలో. కుర్తా, చుడీదార్‌లపై వేసుకునే ఈ దుపట్టా పొడవు ఆరు గజాలు కాబట్టి, నాలుగు వైపులా కినారీ కుట్టాలంటే పన్నెండు గజాలకు పైగా పట్టీ పడుతుంది. ఆ పట్టీ లోహపుది, సాగదు. కింది బట్ట పలుచనిది, ఇట్టే సాగుతుంది. అందువల్ల ముందు దూరదూరంగా టాకాలు వేసి, పట్టీని లాగకుండా బట్ట మీద ఆన్చి, రెండు అంచులనూ కంటికి ఆనని కుట్లతో బిగించాలి. ఏ కొంచెం బిగువు ఎక్కువైనా బట్ట ముడుచుకుపోతుంది. మూలల దగ్గర పట్టీని కోయకుండా ఏటవాలుగా మడిచి తిప్పాలి, ఆ మడత కింద లావు తేలకూడదు. కుట్టిన చేయి ఎంత అనుభవం గలదో తెలియాలంటే ముఖభాగం మెరుపును కాదు, ఆ మూలలను, వెనుకవైపును చూడాలి.

కినారీకి తోడుగా నడిచే పని కార్‌చోబీ. కార్‌చోబ్ అనే కర్రల చట్రానికి బట్టను బిగించి, చుట్టూ కూర్చున్న కారీగర్లు దాని మీద సల్మా, సితారాలతో పూలు తీరుస్తారు. సల్మా అంటే స్ప్రింగులా చుట్టిన తీగ. దానిని చిన్న ముక్కలుగా తుంచి, పూసల వలె సూదికెక్కించి కుడతారు. సితారాలు గుండ్రని తళుకులు. ఆరీ అనే కొక్కెపు సూదితో చేసే పనిలో కుడిచేయి బట్ట పైన, దారం పట్టిన ఎడమచేయి బట్ట కింద ఉంటాయి. తెలుగు పెళ్లికూతుళ్ల జాకెట్ల మీద మగ్గం వర్క్ పేరుతో నేడు అంతటా కనిపిస్తున్నది ఈ చట్రపు పనే.

అసలు జరీ గోటాను తూకం లెక్కన అమ్మేవారు. బట్ట చినిగినా కినారీ చెడదు. జాగ్రత్తగా విప్పి కూతురి దుపట్టాకు, ఆపై మనుమరాలి దుపట్టాకు కుట్టవచ్చు. అయితే ఆ లోహపు విలువే దానికి ముప్పు కూడా. 18వ శతాబ్దపు ఐరోపాలో బంగారు లేసులను పోగులు విప్పి లోహానికి అమ్ముకున్నారు. మన వీధుల్లో పాత జరీ కొంటామని తిరిగేవారి చేతికి వెళ్లిన పట్టుచీరలు, దుపట్టాలు కూడా వెండి కోసం కాలిపోయాయి. ఏళ్ల చేతిపని ఆ మంటలో గ్రాముల లెక్కకు దిగిపోవడం నిజంగా బాధాకరం.

నేటి బజారులో రాగితీగకు వెండి పూత పూసిన నకిలీ జరీ, లోహపు పూత పూసిన పాలియెస్టర్ పట్టీ పెద్ద వాటా ఆక్రమించాయి. ఇవి తేలికైనవి, చవకైనవి. వాటిని కొనేవారిని తప్పుపట్టవలసిన పని లేదు. అసలు చిక్కు కూలిలో ఉంది. నరసాపురం లేసు స్త్రీల గురించి 1982లో వెలువడిన గ్రంథంలో దాని రచయిత్రి మరియా మీస్, ఇంట్లో కూర్చుని చేసే శ్రమను తీరిక వేళల వ్యాపకంగా చూడడం వల్లనే ఆ స్త్రీలకు అతి తక్కువ కూలి దక్కుతున్నదని, ఎగుమతి లాభం వ్యాపారులకు చేరుతున్నదని చూపించారు. పాతబస్తీ ఇరుకు గదులలో ముక్కల లెక్కన కుట్టే స్త్రీలకూ ఆ మాట వర్తిస్తుంది.

ఇంట్లో పాత జరీ దుపట్టా ఉన్నవారు దానిని మెత్తని నూలుబట్టలో చుట్టి, అత్తరు నేరుగా తగలకుండా, ఎప్పటికప్పుడు మడత మార్చి భద్రపరచాలి; బట్ట శిథిలమైతే కరిగించడానికి ఇవ్వక కినారీని కొత్త బట్టకు మార్పించాలి. కొత్తది కొనేవారు జరీ ఏ రకమో అడగడంతోపాటు, కుట్టుకూలి ఎంతో విడిగా అడిగి తెలుసుకోవాలి. బేరమంటూ ఆడితే పట్టీ ధర మీద ఆడాలి గాని కూలి మీద కాదు.