పీత డెక్క మీద ఒక్క దెబ్బ

కాకినాడ నుంచి ఉప్పాడ వెళ్ళే బీచ్ రోడ్డు పక్కన చిన్న హోటళ్ళలో మండపీతల పులుసుతో భోజనం చేసినవాళ్ళు ఆ పులుసునే మెచ్చుకుంటారు. మెచ్చుకోవాల్సిందే. కానీ అసలు పనితనం సగానికి పైగా గిన్నె పొయ్యెక్కకముందే అయిపోతుంది.

గోదావరి పాయలు సముద్రాన్ని చేరేచోట, ఉప్పునీరూ మంచినీరూ కలిసే మడ బురదలో ఈ పీత పెరుగుతుంది. 1978లో అభయారణ్యమైన కోరింగ అలాంటి మడ అడవే. పీతల్ని డెక్కలు తాడుతో కట్టేసి, బతికుండగానే తెస్తారు. చచ్చిన పీత జోలికి మంచి వంటమనిషి వెళ్ళదు. ప్రాణం పోయాక దాని జీర్ణరసాలే కండను కరిగించడం మొదలుపెడతాయి, కూరలో అది పిండిపిండిగా విడిపోతుంది.

నేను దగ్గర కూర్చుని పని చూసిన ఆవిడ ముందుగా ఒక్కో పీతనూ చేత్తో తూచింది. కుబుసం విడిచి ఎన్నాళ్ళో కాని పీతకు డిప్ప పెద్దదే గానీ లోపల నీళ్ళే ఎక్కువ, సైజుకు తగ్గ బరువుండదు. తర్వాత తిరగేసి, కాళ్ళ మొదట్లో పొట్టవైపు పెంకును బొటనవేలితో నొక్కింది. లొట్టబడినదాన్ని పక్కన పెట్టేసింది. పొట్ట మీది మడత కోసుగా ఉంటే మగది, గుండ్రంగా వెడల్పుగా ఉంటే ఆడది. గుడ్డు ఇష్టపడేవాళ్ళకు ఆడది, డెక్కల్లో కండ కోసం వచ్చేవాళ్ళకు మగది. అమావాస్య పీతకే కండ ఉంటుందని కోస్తాలో అందరూ అంటారు. ఆవిడ మాత్రం తన బొటనవేలినే నమ్ముతుంది.

కత్తిపీట మీద డిప్ప విప్పి, రెండు వైపులా ఈకల్లా ఉన్న మొప్పల్ని లాగేసింది. డిప్పలోని పసుపుపచ్చటి మెత్తని భాగాన్ని వేళ్ళతో తీసి చిన్న గిన్నెలో దాచింది. ఇక డెక్కలు. మడతపెట్టిన గుడ్డను చెక్క మీద పరిచి, డెక్కను దాని మీద పెట్టి, పచ్చడిబండ పక్కవాటుతో ఒక్కటే దెబ్బ. పెంకు మీద వెంట్రుకంత బీట పడింది, ముక్క ఊడలేదు. లావుపాటి డెక్కకు గట్టి దెబ్బ, మొదట్లోని సన్న కణుపుకు తాకీ తాకనట్టు. బీట లేకపోతే పులుసు లోపలికి దిగదు. పెంకు చితికితే లోపలి తీపి రసమంతా గిన్నెలోకి పోతుంది, కండలో ఏమీ మిగలదు. “కంగారుపడ్డామంటే నోట్లో పెంకులేనండి,” అంది చూపు తిప్పకుండానే.

పొయ్యి దగ్గరా అదే నిదానం. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, అల్లంవెల్లుల్లి వేగాక పీతలు వేసి తిప్పుతుంటే, ఆకుపచ్చ నలుపు డిప్పలు ఎర్రబడ్డాయి. ఆ ఎరుపు పెంకులో ముందునుంచీ ఉన్నదే. మాంసకృత్తుతో ముడిపడి కనిపించకుండా ఉన్న రంగు వేడికి విడుదలవుతుంది. పీత తన నీళ్ళు తాను వదిలేదాకా ఆగి, అప్పుడే చింతపండు రసం పోసింది, అదీ పల్చగా. పులుసు తెర్లాక దాచిన పసుపు భాగం కలిపింది. దాంతోనే చిక్కదనం వచ్చింది. కొబ్బరి, జీడిపప్పు ముద్దల అవసరమే రాలేదు. పేరున్న పెద్ద హోటళ్ళలో ఈ పీతనే గరం మసాలాలో ముంచి తేవడం చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. అంత సున్నితమైన తీపి ఇంకే కూరలో ఉందని?

ఆ దెబ్బ విలువ విస్తరి ముందు తెలుస్తుంది. బీట దగ్గర బొటనవేలు ఆనించి విరిస్తే పెంకు రెండుగా విడిపోయి, లోపలి కండ చెదరకుండా ఒకే ముక్కగా చేతికొచ్చింది. పులుపూ కారమూ బీట పొడవునా మాత్రమే ఎర్రగా దిగాయి, మిగతాదంతా తెల్లగా, తియ్యగా ఉంది. డెక్కల్ని ఆఖరికి దాచుకోకండి. ముందు డెక్కలు తినేసి, తర్వాత అన్నంలో పులుసు కలుపుకోండి.