రంగుకు కాదు, పనికి పేరు పెట్టండి

పైథాన్‌తో వచ్చే ఐడిల్ ఎడిటర్‌లో 'డెఫ్' అని టైప్ చేయగానే ఆ మాట నారింజ రంగులోకి మారిపోతుంది. కోట్స్ మధ్య రాసింది ఆకుపచ్చగా, హాష్ గుర్తు తర్వాతది ఎర్రగా కనిపిస్తుంది. ఈ పనంతా టీకే టూల్‌కిట్‌లోని టెక్స్ట్ విడ్జెట్‌ది, దాని ట్యాగులది. 1988లో బర్కిలీలో టికిల్ భాష మొదలుపెట్టిన జాన్ ఆస్టర్‌హౌట్, ఆ తర్వాత దానికి జోడించినదే టీకే. పైథాన్ వాళ్లు దాన్ని టీకింటర్ ద్వారా వాడుకుంటారు.

ట్యాగ్ అంటే కొన్ని అక్షరాలకు తగిలించే పేరు. ఏ అక్షరాలకన్నది ట్యాగ్_యాడ్ చెబుతుంది, ఎలా కనబడాలన్నది ట్యాగ్_కాన్ఫిగర్ చూసుకుంటుంది. ఈ రెండింటినీ విడదీయడమే ఇందులోని గొప్పతనం. కొత్తవాళ్లు చాలామంది ట్యాగ్‌కి 'ఎరుపు' అని పేరు పెట్టేస్తారు. రేపు తప్పులను ముదురు నీలంలో చూపించాలంటే ఆ పేరే అబద్ధమవుతుంది. 'తప్పు' అని పెట్టి ఉంటే ఒక్క లైను మారిస్తే చాలు, వెయ్యి చోట్ల రంగు మారుతుంది. ఐడిల్ ట్యాగుల పేర్లు చూడండి: కీవర్డ్, స్ట్రింగ్, కామెంట్. ఒక్క రంగు పేరూ లేదు. అందుకే అక్కడ నల్లటి థీమ్‌కి మారడం అంత తేలిక.

ఒకే మాటకు నాలుగైదు ట్యాగులు ఉండొచ్చు. పేచీ వస్తే తర్వాత పుట్టిన ట్యాగ్‌దే పైచేయి. మౌస్‌తో సెలెక్ట్ చేసిన భాగం కూడా నిజానికి 'సెల్' అనే ట్యాగే. అది విడ్జెట్‌తో పాటే పుడుతుంది కాబట్టి అన్నిటికన్నా అడుగున ఉంటుంది. పసుపు బ్యాక్‌గ్రౌండ్ ఇచ్చిన మాటను సెలెక్ట్ చేస్తే ఏమీ జరగనట్టు కనబడేది ఇందుకే. 'సెల్'ను ట్యాగ్_రైజ్‌తో పైకి లేపితే సరిపోతుంది.

తెలుగు దగ్గర ఇంకొంచెం జాగ్రత్త కావాలి. విడ్జెట్‌లో లైన్ల లెక్క ఒకటి నుంచి, లైన్లో స్థానాల లెక్క సున్నా నుంచి మొదలవుతుంది. 'తెలుగు' కంటికి మూడక్షరాలే అయినా ఈ లెక్కలో ఆరు: త, ఎత్వం, ల, కొమ్ము, గ, మళ్లీ కొమ్ము. 1.0 నుంచి 1.1 దాకా ట్యాగ్ వేస్తే 'త'కు మాత్రమే రంగు పడుతుంది, ఎత్వం బయటే ఉండిపోతుంది. వేళ్ల మీద లెక్కపెట్టి హద్దులు గీయడం మన లిపికి కుదరదు.

తెలుగు పాఠాలు, నిఘంటువులు చూపించే ప్రోగ్రాములు రాస్తున్నవాళ్లు విడ్జెట్‌లోనే ఉన్న సెర్చ్‌ను వాడుకోండి. మాట ఎక్కడ మొదలైందో, ఎన్ని స్థానాలు తీసుకుందో అదే చెబుతుంది.