మాను మొదలు చూడండి

2017 డిసెంబరులో మహబూబ్‌నగర్ పిల్లలమర్రిలో పెద్ద కొమ్మ ఒకటి విరిగి పడింది. ఏడు వందల ఏళ్ల నాటిదని చెప్పుకునే ఆ చెట్టును చెదలు లోపల్నించి తినేశాయి. సందర్శకుల్ని ఆపేశారు. మానుకు రంధ్రాలు పెట్టి క్లోరోపైరిఫాస్ మందు పోస్తే బయటికి కారిపోయింది. దాంతో 2018లో సెలైన్ సీసాలు కొమ్మలకు వేలాడదీసి, చుక్కచుక్కగా ఎక్కించారు. బరువు కొమ్మల కింద సిమెంటు దిమ్మెలు నిలిపారు.

పేరున్న చెట్టు కాబట్టి వైద్యం అందింది. నేలకొండపల్లి లాంటి ఊళ్లలో బజారు వేపకూ చెరువుగట్టు చింతకూ ఆ యోగం లేదు. పడేదాకా ఎవరూ చూడరు, పడితే గాలిని తిడతారు.

మానును నిలబెట్టే విద్య మనవాళ్లకు తెలియనిది కాదు. కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమానులో లేత ఊడలను మట్టి, ఎరువు నింపిన వెదురు బొంగుల్లోంచి నేలకు దించుతారు. నేల తాకిన ఊడ కొన్నేళ్లకు తానే మానై కొమ్మ బరువు మోస్తుంది. మర్రి ఎకరాలకొద్దీ పరుచుకున్నా విరిగిపడకపోవడంలోని కిటుకు ఇదే. అలాంటి ఊడలను ఊళ్లో అడ్డమొస్తున్నాయని కత్తిరిస్తున్నాం. అంటే చెట్టు కాళ్లను మనమే నరుకుతున్నాం.

చెట్టును చదవడం ఇప్పుడు ఒక శాస్త్రం. జర్మనీలో క్లౌస్ మాథెక్ కంటిచూపుతో చెట్టును పరీక్షించే పద్ధతికి రూపమిచ్చాడు. బెరడు ఉబ్బిందా, పగిలిందా, మొదట్లో పుట్టగొడుగులు లేచాయా అని ముందు చూస్తారు. తర్వాత సుత్తితో తట్టి వింటారు. దుంగను తట్టి బోలో గట్టో చెప్పే వడ్రంగికి ఇది కొత్తేమీ కాదు. అనుమానం మిగిలితే సన్నని సూదిలాంటి డ్రిల్లు దింపి లోపలి కలప ఎంత గట్టిగా ఉందో కొలుస్తారు. తొర్ర ఉన్న ప్రతి చెట్టూ కూలదు. మాను వ్యాసార్ధంలో మూడో వంతు మందాన చుట్టూ మంచి కలప ఉంటే సాధారణంగా నిలుస్తుందని మాథెక్ లెక్క. ఈ ఒక్క మాట తెలిస్తే భయంతో నరికేసే ఎన్నో చింతలు బతుకుతాయి.

అమెరికా శాస్త్రవేత్త అలెక్స్ షైగో చెప్పింది మరీ ముఖ్యం. చెట్టు గాయం మనిషి గాయంలా మానదు. చెడిన భాగం చుట్టూ చెట్టు గోడ కట్టి, పక్కనుంచి కొత్త కలప పెంచుకుంటుంది. అందుకే కొమ్మ మొదట ఉండే ఉబ్బును వదిలి, దాని బయట కోయాలి. మానును ఒరుసుకుని కోసినా, పొడవాటి మోడు వదిలినా కుళ్లు లోపలికి దిగుతుంది. తారు పూసినా ఆగదు. కరెంటు తీగల కోసం తల నరికిన చెట్టు గుబురుగా చిగురిస్తుంది కానీ, ఆ కొత్త కొమ్మలకు పట్టు తక్కువ. గాలికి ముందు విరిగేవి అవే.

అన్నిటికంటే ఎక్కువ హాని వేళ్ల దగ్గర జరుగుతోంది. చెట్టుకు మేత తెచ్చే వేళ్లలో అధికభాగం పైపొరలోనే, కొమ్మల నీడ దాటి పరుచుకుంటాయి. వాటికి గాలి కావాలి. రాయి, మట్టితో కట్టిన పాత గద్దెల సందుల్లోంచి నీరు దిగేది. ఇప్పుడు సీసీ రోడ్డు మానును తాకేదాకా పోస్తున్నారు. కాలువ తవ్వేటప్పుడు ఒకవైపు వేళ్లు తెగితే ఆ చెట్టుకు ఆ పక్క ఆసరా పోయినట్టే. ఆరోగ్యంగా ఉన్న మాను మొదలు దగ్గర వెడల్పవుతుంది. స్తంభంలా నిటారుగా నేలలోకి దిగిందంటే మొదలు మట్టిలో పూడిందని గుర్తు.

నిజమే, కొన్ని గాలులకు ఏ చెట్టూ నిలవదు. 2024 ఆగస్టు 31న ములుగు అడవిలో కొన్ని గంటల్లోనే 50 వేలకు పైగా చెట్లు కూలాయి. అలాగని ప్రతి ఆపదా చెట్టును చంపదు. తెలంగాణ వేపలు 2021లో కొమ్మ చివరల నుంచి ఎండినప్పుడు అందరం కంగారుపడ్డాం. అది శిలీంధ్ర తెగులు. చాలా వేపలు మళ్లీ చిగురించాయి. ఎండిందని తొందరపడి కొట్టేసిన చెట్టుకు ఆ అవకాశం లేకపోయింది.

ఖమ్మం జిల్లా రెడ్డిపల్లికి చెందిన వనజీవి రామయ్య జీవితమంతా మొక్కలు నాటి 2017లో పద్మశ్రీ అందుకున్నారు, 2025లో కన్నుమూశారు. నాటడం ఆయన మనకు నేర్పారు. నాటిన చెట్టును పెద్దయ్యాక కనిపెట్టుకుని ఉండటం మన వంతు. వానలు పడకముందే మీ వీధిలోని పెద్ద చెట్టు మొదలు చూడండి. దాని చుట్టూ మీటరు మేరైనా సిమెంటు తీయించమని పంచాయతీని అడగండి.