కుళ్ళాయి చెప్పేదెంత? – లేపాక్షి కుడ్యచిత్రాలలో వేషం, హోదా, గుర్తింపు

1. పరిచయం

రెండో ప్రపంచ యుద్ధంలో 1944 జూన్ 4న అమెరికా నౌకాదళం యు-505 అనే జర్మన్ జలాంతర్గామిని పట్టుకుంది. 58 మంది బందీలయ్యారు. ఇలాంటి బందీల ఛాయాచిత్రాల్లో ఎవరు ఎవరో తేల్చడానికి చరిత్రకారులు ముందుగా దుస్తులను చూస్తారు. చొక్కా చేతి అంచున బంగారు పట్టీలు ఎన్ని ఉన్నాయో చూస్తే అధికారి హోదా తెలుస్తుంది. పట్టీలపైన నక్షత్రముంటే నౌకను నడిపే శాఖ, పళ్ళచక్రముంటే యంత్రాల శాఖ. తెల్ల టోపీ మాత్రం నిబంధన కాదు, కమాండర్లు పాటించిన వాడుక. సముద్రం నుంచి తీసి దుప్పటి కప్పిన నావికుడికి ఈ గుర్తులేవీ ఉండవు.

నిబంధన, వాడుక, లోపం – ఈ మూడింటి మధ్య తేడా తెలియకపోతే చిత్రాన్ని తప్పుగా చదువుతాం. ఈ పాఠంలో ఇదే పద్ధతిని మన దగ్గరి చిత్రాలకు అన్వయించి చూద్దాం.

2. లేపాక్షి చిత్రాలు

లేపాక్షి వీరభద్రాలయం ఒకప్పటి అనంతపురం జిల్లాలోనిది. 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. అచ్యుతరాయల కాలపు (1529–1542) శాసనాలు పెనుకొండకు చెందిన విరూపణ్ణను ఆలయ నిర్మాతగా పేర్కొంటాయి. మండపాల పైకప్పుల మీద శివపార్వతుల కళ్యాణం, కిరాతార్జునీయం, ద్రౌపదీ స్వయంవరం వంటి ఘట్టాలున్నాయి. వాటితోపాటు పరివారంతో నిలిచిన దాతల చిత్రం కూడా ఉంది. పొడవైన టోపీలు ధరించిన ఆ ప్రముఖులను విరూపణ్ణ, వీరణ్ణ సోదరులుగా గుర్తిస్తూ వచ్చారు.

3. కుళ్ళాయి అర్థం

ఆ టోపీ పేరు కుళ్ళాయి. పారశీక 'కులాహ్' నుంచి వచ్చిన మాట. దానికి జతగా వేసుకునే పొడవాటి అంగీ కబాయి. విజయనగర ఆస్థానంలో ఇవి సభకు వెళ్ళే దుస్తులు. శ్రీనాథుడు ఆ ఆస్థానానికి వెళ్ళినప్పుడు కుళ్ళాయి పెట్టుకోవలసి వచ్చిందని ఆయన పేర ప్రచారంలో ఉన్న చాటువు చెబుతుంది. పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ సుమారు 1520లో కృష్ణదేవరాయల జరీ టోపీని వర్ణించాడు. రాజు, అధికారి ఇద్దరూ ధరించినది కాబట్టి కుళ్ళాయి "ఇతడు ఆస్థానానికి చెందినవాడు" అని మాత్రమే చెబుతుంది. ఎంతటి అధికారి, ఏ శాఖ, ఏ కుటుంబం అన్నది చెప్పదు.

4. విమర్శ

కొందరు రచయితలు టోపీని చూసి నేరుగా పేరుకు వెళ్ళిపోతారు. ఇది కుళ్ళాయిని నావికాదళపు పట్టీలాగా చదవడమే. లేపాక్షి చిత్రకారులు పురాణ ఘట్టాలలోని పాత్రలకు సైతం తమ కాలపు దుస్తులే వేశారు. కాబట్టి టోపీ ఒక్కటే దాతను పట్టివ్వదు.

గుర్తింపును నిలబెట్టేవి మరి రెండు ఆధారాలు. ఒకటి, చిత్రంలో ఆ వ్యక్తుల స్థానం: పరివారంతో, భక్తితో, దైవసన్నిధిలో ఉండటం. రెండు, శాసనం. విరూపణ్ణ నంది లక్కిశెట్టి కుమారుడని శాసనం వల్లనే తెలుస్తుంది. శెట్టి కుటుంబంలో పుట్టినవాడు రాజసభ వేషంలో కనిపించడం ఆ కాలపు సమాజంలోని కదలికను చూపుతుంది. టోపీ దగ్గరే ఆగిపోయినవారికి ఈ విషయం అందదు.

తిరుమలలోని కృష్ణదేవరాయల, దేవేరుల విగ్రహాలతో పోల్చి చూడండి. వాటిపైనే పేర్లు చెక్కి ఉన్నాయి కనుక అక్కడ వేషం గుర్తింపుకు తోడు మాత్రమే. విరూపణ్ణ తన కళ్ళు తానే పొడుచుకున్నాడన్న స్థానిక కథ ఈ చిత్రం చదవడానికి సాక్ష్యం కాదు. జనస్మృతిగా దానికి వేరే విలువ ఉంది.

ఇంకొక మాట. కుళ్ళాయి పెట్టుకున్నవారికి మనం పేర్లు వెతికాం. పరివారంలో వెనుక నిలబడ్డవారి పేర్లు, గచ్చు మెత్తి రంగులద్దినవారి పేర్లు మనం అడగనే లేదు. దుప్పటి కప్పుకున్న నావికుడి స్థితే వారిదీ. హోదా గుర్తులతో మొదలయ్యే పరిశోధన హోదా ఉన్నవారి దగ్గరే ఆగిపోయే ప్రమాదముంది. గచ్చు రాలి రంగులు వెలిసిపోతున్న కొద్దీ మొదట పోయేవి కూడా ఇలాంటి చిన్న ఆకారాల వివరాలే. అందుకే చిత్రాన్ని తాకకుండా, ప్రతి ఆకారాన్నీ నమోదు చేసుకుంటూ చూడటం విద్యార్థి మొదటి పని.

5. సారాంశం

వేషం వర్గాన్ని సూచిస్తుంది, స్థానం పాత్రను సూచిస్తుంది, శాసనం పేరునిస్తుంది. మూడూ కలిసినప్పుడే గుర్తింపు నిలుస్తుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. కుళ్ళాయికీ, సైనిక హోదా చిహ్నానికీ గల భేదమేమిటి?
2. లేపాక్షి దాతల గుర్తింపుకు తోడ్పడే మూడు ఆధారాలను వివరించండి.
3. మీ ఇంట్లోని పాత ఫోటో ఒకటి తీసుకోండి. అందులోని వ్యక్తుల గురించి దుస్తులవల్ల తెలిసేదేమిటో, పెద్దలు చెబితేనే తెలిసేదేమిటో విడివిడిగా రాయండి.