చూశాకే పాలగడ్డ

"పాలగడ్డే అయ్యుంటుంది, కాపడం పెట్టు." బాలింత ఉన్న ఇంట్లో ఈ మాట అనని పెద్దవాళ్లు అరుదు. చాలాసార్లు అదే నిజమవుతుంది కూడా. చూడకుండానే నమ్మి నెలలు గడిపేస్తారే, అదే నా భయం.

సికింద్రాబాద్‌లో స్కానింగ్ చేసే నా దగ్గరికి 2 వారాలైనా కరగని గడ్డతో గర్భిణులు, బాలింతలు వస్తారు. ముందు అడిగేది స్కాన్‌తో బిడ్డకేమైనా అవుతుందా అనే. అల్ట్రాసౌండ్‌లో రేడియేషన్ ఉండదు. పైగా గర్భంలోనూ, పాలిచ్చేటప్పుడూ రొమ్ము దట్టంగా ఉండటంతో మామోగ్రామ్‌లో గడ్డ మరుగున పడొచ్చు. బాలింతకైతే, "పాలిచ్చి రామ్మా" అంటాను. రొమ్ము ఖాళీ అయితే నొప్పీ తగ్గుతుంది, లోపలి అంచులూ తేటపడతాయి. తర్వాత, "ఎక్కడుందో నువ్వే చూపించు." ఆమె వేలు ఆగిన చోటే ప్రోబ్ పెడతాను.

పాలు నిలిచిపోయిన తిత్తిలో ఒక్కోసారి కొవ్వు పైకి తేలి, నీరు కిందికి దిగి, మధ్యన గీత కనిపిస్తుంది. ఆ గీత కనబడితే నాకూ ఊపిరి తేలికవుతుంది. ఫైబ్రోఎడినోమా అనే మామూలు గడ్డ అయితే నున్నటి అంచులతో చర్మానికి సమాంతరంగా పడుకుని ఉంటుంది. ఎప్పటినుంచో ఉన్నదే, గర్భంలో హార్మోన్లకు పెరిగి చేతికి తగులుతుంది. చీముగడ్డను స్కాన్‌లో చూస్తూ సూదితో లాగేయవచ్చు. అందుకని పాలు మాన్పించనక్కర్లేదు.

అంచులు గరుకుగా ఉన్నా, గడ్డ నిలువుగా పెరిగినట్టున్నా ముక్క పరీక్ష (బయాప్సీ) రాస్తాను. "ప్రసవమయ్యాక చూద్దాం" అనే మాటకు నేను ఒప్పుకోను. కడుపుతో ఉన్నా, పాలిస్తున్నా ఆ పరీక్ష చేయొచ్చు. అలా తీసిన ముక్కల్లోనూ ఎక్కువ భాగం మామూలు గడ్డలే. గర్భంతోపాటు రొమ్ము క్యాన్సర్ కనబడేది దాదాపు 3,000 మందిలో ఒకరికి. ఆ ఒక్కరికి ఆలస్యం చేసేది కూడా "పాలగడ్డే" అన్న ధీమాయే.

మా ఊళ్లోనే, మినిస్టర్ రోడ్డు కిమ్స్ ఆసుపత్రిలో రొమ్ము వ్యాధులకే ప్రత్యేకంగా ఉషాలక్ష్మి కేంద్రాన్ని డాక్టర్ రఘురామ్ 2007లో తల్లి పేరున ప్రారంభించారు. రొమ్ము క్యాన్సర్ గురించి గొంతు విప్పి మాట్లాడటానికి అలాంటి ప్రయత్నాలు దారి వేశాయి. కానీ నలభై దాటినవాళ్ల కోసం చెప్పే మాటలు పాతికేళ్ల బాలింత చెవికెక్కవు.

మామూలు గడ్డే అనిపించినా కొన్నిటిని ఆర్నెల్లకు మళ్లీ చూడాలి. చంటిబిడ్డ పనుల్లో ఆ తేదీ ఎవరికీ గుర్తుండదు. ఏడో నెలలో చూసిన గడ్డకు ఆర్నెల్లంటే, బిడ్డకు 14 వారాల టీకా వేయించే రోజులు. అందుకే వెంట వచ్చిన అత్తగారికి కూడా చెబుతాను: "టీకాకు తీసుకొచ్చిన రోజే కోడల్ని ఇటు కూడా తీసుకురండమ్మా."