మార్చి ఎండలో స్టానేజ్ అంచు

ఇంగ్లండ్‌లో మార్చి వచ్చిందంటే రాళ్లెక్కేవాళ్ల కాళ్లు ఇంట్లో నిలవవు. చలికాలమంతా ఇండోర్ వాల్ మీద సాధన చేసి చేతులు గట్టిపడి ఉంటాయి. అసలైన రాయి మీద, పైనుంచి ఏ తాడూ ఆసరా లేకుండా, తామే ముందుండి ఎక్కాలని ముచ్చటపడే కొత్తవాళ్లు తొలి మార్గం కోసం వెతికేది ఈ రోజుల్లోనే. ఈ వెతుకులాటను చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. గైడ్‌బుక్కు తెరిచి, అన్నిటికన్నా తక్కువ గ్రేడు చూసుకుని బయల్దేరతారు. నా మటుకు నాకు ఎక్కడం ఎంత విద్యో, ఎంచుకోవడమూ అంతే విద్య.

షెఫీల్డ్‌లో రైలెక్కితే ఇరవై నిమిషాలకు అటూ ఇటూగా హేథర్‌సేజ్ ఊరొస్తుంది. దానికి ఉత్తరాన బీడు నేల మీద గోడ కట్టినట్టు నిలబడి ఉంటుంది స్టానేజ్ ఎడ్జ్. పొడవు ఆరు కిలోమీటర్ల దాకా ఉన్నా ఎత్తు చాలాచోట్ల పది నుంచి ఇరవై మీటర్లే. ముప్పై కోట్ల ఏళ్లు దాటిన ఈ గరుకు ఇసుకరాయిని గ్రిట్‌స్టోన్ అంటారు. ఒకప్పుడు పిండిమరల రాళ్లు చెక్కింది దీనితోనే. చెక్కి, తరలించకుండా వదిలేసినవి ఇప్పటికీ అంచు కింద గడ్డిలో పడున్నాయి. 1890లలో జె.డబ్ల్యు. పుట్రెల్ ఇక్కడ ఎక్కడం మొదలుపెట్టేనాటికి ఈ నేల దొరల వేట మైదానం. కాపలావాళ్ల కంటపడితే తరిమేవారు. 1932లో ఇదే ప్రాంతంలోని కిండర్ స్కౌట్ కొండ మీదికి నడిచే హక్కు కోరుతూ కార్మిక యువత మూకుమ్మడిగా నడిచింది, కొందరు జైలుకు వెళ్లారు. 1951లో బ్రిటన్ తొలి నేషనల్ పార్కు స్టానేజ్, కిండర్ రెండూ ఉన్న ఈ పీక్ డిస్ట్రిక్ట్‌లోనే ఏర్పడింది.

ఇక్కడి గ్రిట్‌స్టోన్ మీద బోల్టు కొట్టరు. ముందు ఎక్కే మనిషి రాతిలోని చీలికల్లో తానే గేర్ (పడితే ఆపే లోహపు ముక్కలు) పెట్టుకుంటూ, దానికి తాడు తగిలించుకుంటూ పైకి పోవాలి. వెనక వచ్చే మనిషి వాటన్నిటినీ తీసుకుంటూ రావాలి. ఇద్దరూ పైకి చేరాక రాయి ఎలా ఉన్నది అలాగే ఉండాలి. వెనకటి తరం వేల్స్‌లో స్నోడన్ రైలుపట్టాల వెంట నడుస్తూ దొరికిన ఇనుప నట్లు ఏరుకుని, లోపలి మరలు అరగదీసి, తాడు దూర్చి చీలికల్లో బిగించేవారు. ఇవాళ నడుముకు కట్టుకునే హార్నెస్‌కు వేలాడే అల్యూమినియం నట్లు వాటి వారసులే. రే జార్డిన్ రూపొందించిన ఫ్రెండ్స్ అనే స్ప్రింగు క్యామ్‌లను 1978లో మార్క్ వాలెన్స్ ఈ డెర్బీషైర్ కౌంటీ నుంచే మార్కెట్లోకి తెచ్చారు. క్యామ్ పెట్టడం చూడ్డానికి సులువు. అయినా కొత్తవాళ్లు నట్లతోనే ఓనమాలు దిద్దుకోవాలని నేనంటాను, ఎందుకంటే నట్టు రాతిని చదవడం నేర్పుతుంది.

అదెలాగో చూడండి. చీలిక పైన వెడల్పుగా ఉండి, కిందికి సన్నబడే చోటు వెతకాలి. ఆ సన్నని మెడకు సరిపడే నట్టును గుత్తిలోంచి ఎంచి, పైనుంచి లోపలికి జార్చాలి. పడితే తాడు ఏ దిక్కుకు లాగుతుందో ఆ దిక్కుకే నట్టుకున్న తీగను పట్టి గట్టిగా ఒక్క కుదుపు కుదపాలి. నట్టు రెండు చెంపలూ రాతికి నిండుగా ఆనాయా, ఏదో ఒక గరుకు పలుకు మీద మొన మాత్రమే ఆగిందా అని తేరిపార చూడాలి. తీగకు నేరుగా తాడు తగిలించకుండా మధ్యలో స్లింగ్ అనే పట్టీ వేసి పొడిగించాలి. లేదంటే పైకి పోతున్నకొద్దీ తాడు ఆడి ఆడి నట్టును ఊడబెరుకుతుంది. ఇదంతా ఒక్క చేత్తో చెయ్యాలి, రెండో చెయ్యి రాతిని వదలకూడదు. మొదటిసారి ఎక్కేవాళ్లకు ఈ పనికి నిమిషాలు పడతాయి, ఈలోగా పిక్కలు వణకడం మొదలవుతుంది.

కాబట్టి తొలి మార్గంలో చూడాల్సిన మొదటి గుణం పాదాలు నిండుగా ఆని, తీరిగ్గా నిలబడి గేర్ పెట్టుకోగల చోట్లు. గ్రేడు ఆ తర్వాతే.

గ్రేడ్ల సంగతీ చెప్పుకుందాం. ఈ వరసకు 1897లో తన పుస్తకంతో పునాది వేసినవాడు ఓవెన్ గ్లిన్ జోన్స్. మోడరేట్, డిఫికల్ట్, వెరీ డిఫికల్ట్, సివియర్ అని మెట్లు పైకి పోతాయి. పేర్లు చూసి బెదరొద్దు, ఇవాళ్టి లెక్కలో ఇవన్నీ తేలికైనవే. కానీ తేలికైన మార్గంలోనే ఒక చిక్కుంది. నిటారు రాతి మీద పడితే మనిషి గాల్లో ఆగుతాడు. వాలుగా, మెట్లు మెట్లుగా ఉన్న రాతి మీద పడితే ఏదో ఒక మెట్టుకు కాలు కొట్టుకుంటుంది, మడమ విరుగుతుంది. పైగా పది మీటర్ల రాతి మీద తాడు సాగుదలే మనిషిని నేలదాకా తేగలదు. అందుకే తొలి గేర్ తల ఎత్తుకే దొరకాలి, కష్టమైన అడుగుకు ముందు ఇంకోటి పడాలి. కింద తాడు పట్టే బిలేయర్ రాతికి దగ్గరగా నిలబడాలి. దూరంగా నిలబడితే బరువు పడ్డప్పుడు తాడు బయటికి లాగి, అడుగున ఉన్న నట్టును పైకి పీకేస్తుంది.

ఈ కొలతలన్నిటికీ తూగే మార్గం స్టానేజ్‌లో హెవెన్ క్రాక్. వెరీ డిఫికల్ట్ స్థాయి, పొట్టిది, చీలిక పొడవునా గేర్ పడుతుంది. అదే స్థాయి హాలీబుష్ క్రాక్ దానికన్నా పొడవు. అక్కడ నట్లు ముందే ఖర్చు చేసుకోకుండా పైదాకా దాచుకోవడం తెలుస్తుంది. ఫ్లయింగ్ బట్రెస్ అందమైనది, దాని ఫొటో చూసి మనసు పారేసుకోనివాళ్లు తక్కువ. పెద్ద చూరును తప్పించుకుని పక్కకు తిరగాల్సిన చోట తాడు వంపులు పడి బరువెక్కుతుంది కనుక, పొడుగు స్లింగ్‌ల వాడకం వంటబట్టాకే దాన్ని ముట్టుకోవాలి. సివియర్ కన్నా కాస్త పైమెట్టు, అంటే హార్డ్ సివియర్, అయిన క్రిస్మస్ క్రాక్‌ను క్రిస్మస్ నాడు ఎక్కడం ఇక్కడో ఆచారం. కొత్తవాళ్లు దాన్ని వేసవికి వాయిదా వేసుకోవడం మంచిది.

అదే మార్చిలో వేల్స్‌లోని ఇడ్వాల్ స్లాబ్స్‌కు వెళ్తే కథ వేరు. అక్కడి హోప్ అనే మార్గాన్ని 1915లో ఎమిలీ డానియెల్ జట్టు తొలిసారి ఎక్కింది. మన ఎం.ఏ. ఇంగ్లిష్ విద్యార్థులకు ‘ప్రాక్టికల్ క్రిటిసిజం’ రచయితగా తెలిసిన ఐ.ఎ. రిచర్డ్స్ ఆ జట్టులో ఉన్నాడు. అదీ వెరీ డిఫికల్టే. కానీ ఎత్తైన లోయలో ఉత్తరం వైపు తిరిగిన రాయి అది, వసంతం వచ్చినా చలి వదలదు, తడి ఆరదు. స్టానేజ్ పడమర, నైరుతి దిక్కులకు తిరిగి గాలికి ఎదురొడ్డి ఉంటుంది. వాన వెలిశాక త్వరగా ఆరుతుంది, మధ్యాహ్నానికి ఎండ పడుతుంది. గ్రిట్‌స్టోన్‌కు చల్లదనం మేలు కూడా, చెమట లేని అరచేతికి పట్టు బాగా దొరుకుతుంది. అయితే ముఖభాగం పొడిగా మెరుస్తున్నా లోతైన చీలికల్లో, సందుల్లో శీతకాలపు పచ్చటి జిగురు మిగిలే ఉంటుంది. ఎక్కబోయే ముందు కింద నిలబడి ఆ పచ్చదనాన్ని వెతకండి. ఇండోర్ వాల్ మీద ఎంత కష్టమైన గ్రేడు ఎక్కుతున్నా సీజన్ తొలి వారాల్లో రెండు మెట్లు దిగి మొదలుపెట్టాలి. వాల్ మీద తయారయ్యేది చేతి బలం మాత్రమే, గేర్ మీద నమ్మకం రాయి దగ్గరే కుదురుతుంది.

ఏప్రిల్ నుంచి ఇంకో పట్టింపు ఉంది. ఛాతీ మీద తెల్లని నెలవంక ఉండే రింగ్ ఊజెల్ అనే నల్లపిట్ట ఉత్తర ఆఫ్రికాలో చలికాలం గడిపి వచ్చి ఈ అంచుల్లో గూడు కడుతుంది. గూళ్లున్న చోట ఎక్కొద్దని బోర్డులు పెడతారు. మనం అనుకున్న మార్గం అక్కడుంటే మారుమాట లేకుండా పక్కదానికి పోవాలి.

పైకి చేరినంత మాత్రాన పని అయిపోదు. ఇల్లలకగానే పండగ కాదు. అంచుకు వెనగ్గా రెండు మూడు గట్టి గేర్లు పెట్టి, బరువు అన్నిటి మీదా పడేలా కట్టుకుని, వెనకవాళ్లు కనిపించేలా కూర్చున్నాకే ‘సేఫ్’ అని కేకెయ్యాలి. గాలి హోరులో ఆ కేక వినపడదు. తాడు ఎన్నిసార్లు లాగితే ఏమని అర్థమో కిందున్నప్పుడే అనుకోవాలి.

రాతితో మనకూ చుట్టరికముంది. 2014లో పదమూడేళ్లకే ఎవరెస్టెక్కిన మాలావత్ పూర్ణ తొలి పాఠాలు నేర్చుకుంది భువనగిరి గుట్ట మీదే. షెఫీల్డ్, మాంచెస్టర్‌లలో చదువుకుంటున్న మన పిల్లలకు స్టానేజ్ ఒక పూట ప్రయాణం. అక్కడి విశ్వవిద్యాలయాల పర్వతారోహణ క్లబ్బుల్లో చేరండి. మొదట అనుభవజ్ఞుల వెనక ఎక్కి, వాళ్లు పెట్టిన ప్రతి నట్టునూ తీసే ముందు ఎలా కూర్చుందో చూడండి. తోడు దొరక్కపోతే మౌంటెన్ ట్రైనింగ్ అర్హత ఉన్న శిక్షకుణ్ని ఒక రోజుకు మాట్లాడుకోండి. హెల్మెట్ లేకుండా మాత్రం వెళ్లొద్దు.