ఆమె ఏమిచ్చిందో రాయండి

కర్నూలు జిల్లా కోడుమూరులో ఒక పెద్దామె కన్నుమూస్తే దినాల లోపే ఫ్లెక్సీ లేస్తుంది. కాస్త ఉన్నవాళ్లయితే పేపరు జిల్లా ఎడిషన్‌లో ప్రకటన కూడా పడుతుంది. దండ వేసిన ఫొటో, పుట్టిన తేదీ, పోయిన తేదీ, 'మమతానురాగాలకు మారుపేరు', 'మీరు చూపిన బాటలో', ఆ కింద 'ఇట్లు' అని భర్త మొదలుకొని మునిమనవల దాకా పేర్లు. ఫొటో, పేరు తీసేసి పక్కవీధి ఆమెవి పెడితే మిగతా అక్షరం ఒక్కటీ మార్చాల్సిన పనుండదు. రాయించినవాళ్ల ప్రేమ మీద నాకు అనుమానం లేదు. అంత ప్రేమా ఆమెను ఆమెగా నిలబెట్టలేని మాటల్లో పోయడమే నన్ను బాధపెడుతోంది. భార్యగా, తల్లిగా, అవ్వగా బతికి, చేతికి ఎముక లేకుండా పెట్టిపోయిన మనిషిని తలుచుకోవడమంటే ఎవరికి ఏం పెట్టింది, ఎంతలోంచి పెట్టింది, అందుకు తన వంతులో ఏం తగ్గించుకుంది అని విప్పి చెప్పడమేనని నా వాదన. 'దయామయి' అంటే అందరూ తలూపుతారు గానీ ఎవరికీ ఏమీ గుర్తుకు రాదు.

జనం ఏది గుర్తుపెట్టుకుంటారో చూడండి. 1866 కరువులో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి వేలమందికి గంజి పోయించాడు. విక్టోరియా రాణి బంగారు పతకం పంపింది, సీమలో ఆయన మీద పాటలు పుట్టాయి. ఆ పేరును నిలబెట్టింది పొగడ్తలు కాదు, కరువూ గంజీ. గోదావరి పాయల మధ్య లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ (1841-1909) గడప తొక్కిన బాటసారికి ఏ వేళప్పుడైనా అన్నం వండి పెట్టింది. ఆ ఒక్క వివరం ఎంత గట్టిదంటే తర్వాతి కాలంలో గన్నవరం అక్విడక్టుకు ఆమె పేరే పెట్టారు, 2024లో ఆంధ్రప్రదేశ్‌లోని బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికీ ఆమె పేరే పెట్టారు. అయితే సీతమ్మలాగా గుర్తుండిపోయినవాళ్లు ఎందరు? వెంగళరెడ్డి గంజికి గింజలు చెరిగినవాళ్లు, పొయ్యి ముందు కూర్చున్నవాళ్లు పతకం దాకా రాలేదు. సీమ పల్లెల్లోని రాళ్లూ ఇదే చెబుతాయి. వీరగల్లు మీద మగవాడు ఏ పోరులో పడ్డాడో కనిపిస్తుంది. ఆడమనిషికి రాయి దక్కింది ఎక్కువగా మాస్తికల్లుగానే, అంటే భర్త చితి ఎక్కినందుకు. ఆమె ఎలా చనిపోయిందో చెప్పడానికి శిల్పి దొరికాడు, ఎలా బతికిందో చెప్పడానికి దొరకలేదు.

కోడుమూరు చుట్టుపక్కల అవ్వలు పెట్టిపోయేది ఏమిటో దగ్గరగా చూస్తే ఈ లోటు ఎంత పెద్దదో తెలుస్తుంది. ఇది వానను నమ్ముకున్న నేల. వాన మొహం చాటేస్తే కర్నూలు పడమటి మండలాల జనం పిల్లాజెల్లాను వదిలి సుగ్గికి పోతారు, గుంటూరు వైపు పత్తి తీయడానికి, మిరపకాయలు కోయడానికి. వాళ్ల పిల్లల చదువు ఆగకూడదని ప్రభుత్వం సీజనల్ హాస్టళ్లు పెడుతోంది. అవి లేనినాడూ, ఉన్నా చాలనినాడూ పిల్లలను ఊళ్లో, బళ్లో నిలబెట్టింది అవ్వే. తెల్లారకముందే మరిగే నీళ్లు పోసి జొన్నపిండి కలుపుతుంది. జొన్నకు గోధుమకున్న సాగుడు లేదు, చెయ్యి కొంచెం తేడాగా పడినా అంచు చీలుతుంది. అరచేత్తో తట్టి, తిప్పి, మళ్లీ తట్టి పలుచన చేసి, పెనం మీద వేసి, పైన తడిగుడ్డతో అద్ది, ఆ తడి ఆరీ ఆరకముందే తిరగెయ్యాలి. ఒక్కసారి చేసి పెట్టి పక్కకు పోయే వంట కాదిది, ప్రతి రొట్టెకూ మనిషి పొయ్యి ముందు ఉండాల్సిందే. దాంట్లోకి ఊరుబిండి నూరాలి, సద్ది కట్టాలి, జ్వరం వస్తే ఆసుపత్రికి తీసుకుపోవాలి, టీచరు పిలిస్తే బడికి పోవాలి. వలస కూలి గురించి లెక్కలు రాసేవాళ్లు కూలి డబ్బును రాస్తారు. ఆ కూలికి పోవడానికి వీలు కల్పించిన ముసలి చేతులను రాయరు. మగ్గాల ఇళ్లలోనూ అంతే. కోడుమూరులో నేసే గద్వాల చీర వెనక కండెలు చుట్టి అందించే ఆడవాళ్లుంటారు. 2019-20 చేనేత గణన ప్రకారం దేశంలో 35 లక్షలకు పైబడిన చేనేత కార్మికుల్లో 25 లక్షల మందికి పైగా ఆడవాళ్లే. అట్లాంటి ఇంట్లో అవ్వ పోయినప్పుడు వేసే ప్రకటనలో ఒక్క కండె మాట కూడా ఉండదు.

తల్లి చేసినదానికి లెక్కలేమిటి, అది వ్యాపారమా అని అడిగేవాళ్లుంటారు. అడగదగ్గ ప్రశ్నే. కానీ లెక్క చెప్పకపోతే గౌరవం పెరగడం లేదు, చేసింది లేనట్టే అయిపోతోంది. 1989 మార్చిలో జంషెడ్‌పూర్ ఉక్కు కర్మాగారం వేడుకల్లో మంటలు లేచి ఎందరో ఆడవాళ్లు, పిల్లలు చనిపోయారు. ఆ పరిహారం కేసులో సుప్రీంకోర్టు 2001లో గృహిణి ఇంటికి చేసే సేవను నెలకు 3,000 రూపాయలుగా కట్టింది. 62 నుంచి 72 ఏళ్ల పెద్దవాళ్ల సేవను మాత్రం ఏడాదికి 20,000గా తీసుకుంది. 2021 జనవరిలో ఇంకో ప్రమాదం కేసు తీర్పులో జస్టిస్ ఎన్.వి. రమణ, జాతీయ గణాంక కార్యాలయం 2019 సర్వేను ముందు పెట్టారు: జీతం లేని ఇంటిపనికి ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారు. పరిహారం తక్కువా ఎక్కువా అన్నది వేరే చర్చ. నాకు మింగుడుపడనిది, అరవై దాటగానే ఆమె సేవ విలువ దాదాపు సగానికి పడిపోవడం. సుగ్గి ఊళ్లలో సరిగ్గా ఆ వయసులోనే ఇంటి బరువు ఆమె నెత్తిన రెట్టింపవుతుంది. ఆ సంగతి కాగితం మీద లేకపోతే ఏ న్యాయమూర్తి అయినా ఎక్కడి నుంచి తెస్తాడు?

దీనికంటే బరువైన అభ్యంతరం ఇంకొకటుంది. ఆడదాని త్యాగాన్ని ఇట్లా వర్ణించి వర్ణించి రేపటి కోడలి మెడకు అదే కాడి తగిలిస్తున్నారు కదా అంటారు. ఆ భయం నిజమైనదే, నేను దాన్ని తోసిపుచ్చను. అయితే త్యాగానికి కిరీటం పెట్టేది 'త్యాగమూర్తి' అన్న మాటే. వివరం ఆ పని చేయదు, దాని ధర బయటపెడుతుంది. అందరూ తిన్నాక అడుగున మిగిలింది ఆమె తినేదని రాస్తే, చదివినవాడికి గర్వం ఒక్కటే కలగదు, సిగ్గూ కలుగుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతానికి రక్తహీనత ఉందని తేలింది. కారణాలు చాలా ఉండొచ్చు, పళ్లెంలో ఆఖరి వంతు వాటిలో ఒకటి కాదని ఎవరూ అనలేరు. ఆమె మొండితనం, ఇచ్చి పోగొట్టుకున్నందుకు ఇంట్లో జరిగిన గొడవ, తాకట్టుకు పోయి తిరిగిరాని కమ్మలు, వాటినీ రాయాలి. అప్పుడు ఆమె పటంలోని దేవత కాకుండా, లేమిలో కూర్చుని ఎంచి ఎంచి నిర్ణయాలు తీసుకున్న మనిషిగా కనిపిస్తుంది. నా దృష్టిలో దేవత అనడం కంటే అదే పెద్ద గౌరవం.

ఇక, పెట్టింది చెప్పుకోవడం ఆమెకే ఇష్టం లేదు, ఇంటి గుట్టు వీధిలో ఎందుకు అంటారు. ఇచ్చినవాళ్లు చెప్పుకోకపోవడం మర్యాద. పుచ్చుకున్నవాళ్లు కూడా చెప్పకపోతే దాన్ని మర్యాద అనలేం. పుచ్చుకున్నవాళ్ల పేర్లు అక్కర్లేదు, పనులు చాలు. ఈ విషయంలో మన ఊళ్లలోని క్రైస్తవ కుటుంబాల జ్ఞాపకార్థ కూడిక నాకు నచ్చుతుంది. అక్కడ బంధువులే కాదు, ఇరుగుపొరుగు కూడా లేచి పోయినామెతో తమకున్న అనుభవం చెబుతారు. పెద్ద దినానికి వచ్చినవాళ్లకూ ఆ అవకాశం ఇవ్వవచ్చు. అప్పుగా జొన్నలు తీసుకుపోయి తిరిగివ్వలేకపోయినవాళ్లు, కాన్పుకు తోడు పిలుచుకుపోయినవాళ్లు ఆ పంక్తిలోనే కూర్చుని ఉంటారు. కొడుకులకు తెలియనివి వాళ్లకు తెలుసు. కోడలికి ఇంకా ఎక్కువ తెలుసు, ఎవరు గిన్నె పట్టుకొని వస్తే ఎంత పోసి పంపాలో చెప్పించుకున్నది ఆమే కాబట్టి. అవ్వ కూర్చుని మాట్లాడగలిగినప్పుడే అడిగితే మరీ మేలు. నీ జీవితం గురించి చెప్పమంటే ఆమె ఏముందిలే అంటుంది. ఏ ఏడు వానలు పోయాయి, ఆ ఏడు గాదెలో ఎన్ని గింజలున్నాయి, ఎవరెవరు వచ్చి నిలబడ్డారు అని ఒక్కొక్కటే అడిగితే చెబుతుంది.